లేపకు, హాయిగా పడుకున్నాడు

మా అత్తగారికి కొడుకు నిద్రంటే మహా గర్వం. పెళ్ళయి నేను కంకిపాడు కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ నాకు మొట్టమొదట చెప్పిన సంగతి, వాడికి ఫలానా కూర ఇష్టమనో, కోపం ఎక్కువనో కాదు. మంచం మీద ఒరిగితే చాలు, నిద్ర పట్టేస్తుందని. అలాంటి జన్మ ఎవరికి దొరుకుతుందమ్మా అనేది. నిద్రమాత్రలు మింగే చుట్టాలు ఎవరైనా వస్తే, పక్కగదిలోంచి వినపడే గురకని చెయ్యి చాపి మరీ చూపించేది. వాళ్ళు నిట్టూర్చేవాళ్ళు. ఆవిడ ముఖం వెలిగిపోయేది.

మా వైపు అంతే. తిన్న వెంటనే కన్ను మూతపడితే ఒంటికి సుఖం పట్టినట్టు. గురక పెడితే ఇల్లు కలిగినట్టు. భోజనానికి పిలిచినవాళ్ళని కాసేపు నడుం వాల్చండి అనకుండా పంపిస్తే మర్యాద తెలియని కొంప అని పేరు. ఇక నిద్రపోయేవాణ్ణి లేపడమంటే మహాపాపం. నేనూ బందరు వైపు పల్లెటూళ్ళో ఈ మాటలే వింటూ పెరిగాను, తలాడిస్తూ పెరిగాను. ఇప్పుడు ఎవరైనా నా ఎదురుగా అంటే ఒళ్ళు మండిపోతుంది.

మా ఆయనది ఎరువులు, పురుగుమందుల కొట్టు. యాభై దాటి, మెడ లావెక్కి, ఒళ్ళు వచ్చాక ఆ గొప్ప నిద్ర కొట్టులోకి కూడా వచ్చేసింది. పట్టపగలు, కుర్చీలో, గడ్డం ఛాతీకి ఆనించుకుని పడుకునేవారు. రైతులు వచ్చి బస్తాల మీద కూర్చుని ఆయన లేచేదాకా ఎదురుచూసేవాళ్ళు. లేపొచ్చు కదండీ అంటే, పాపం పడుకున్నారుగా అమ్మా, మాకేం తొందర అనేవాళ్ళు. వాళ్ళ చేలో పురుగుకి తొందరే మరి. ఒక్కోసారి ఎకరానికి ఎంత మందు కలపాలో చెబుతూ చెబుతూ మాట మధ్యలో ఆగిపోయేవారు. ఆ రైతు చేతులు కట్టుకుని నిలబడేవాడు. కాసేపటికి ఈయన కళ్ళు తెరిచి, మిగతా సగం చెప్పేవారు. అందరూ నవ్వుకునేవాళ్ళు, ఆయనతో సహా. నేనూ మొదట్లో నవ్వాను.

నవ్వు ఎందుకు ఆగిందంటే, రాత్రిళ్ళు ఆ గురక పక్కనుంచి వినేదాన్ని నేను కాబట్టి. అది పెరిగి పెరిగి ఒక్కసారిగా ఆగిపోయేది. ఛాతీ కొట్టుకులాడేది గానీ గాలి లోపలికి వెళ్ళేది కాదు. భుజం పట్టుకుని కుదిపితే, నీళ్ళలోంచి పైకి వచ్చినవాడిలా ఒక్కసారి ఊపిరి లాగి, మళ్ళీ మొదలుపెట్టేవారు. ఇలా రాత్రంతా. పొద్దున చెబితే నమ్మేవారు కాదు. నేను పడుకుంది నాకు తెలీదా, నీకే నిద్ర పట్టక ఏవేవో ఊహించుకుంటున్నావు అనేవారు. అత్తగారైతే, మొగుడి గురక లెక్కపెట్టే ఆడదాన్ని నిన్నే చూశానమ్మాయ్ అనేది.

ఒకసారి మేం ముగ్గురం, ఆయన, నేను, మా అమ్మాయి, బెజవాడ బట్టల కొట్టుకి వెళ్ళి కార్లో తిరిగి వస్తున్నాం. బెంజ్ సర్కిల్ దగ్గర రెడ్ సిగ్నల్ పడింది. ఆగాం. కాసేపటికి కారు దానంతటదే మెల్లగా ముందుకి పోయి ఎదురుగా ఉన్న ఆటోని గుద్దింది. చూస్తే ఈయన స్టీరింగ్ మీద చేతులు వేసుకుని నిద్రపోతున్నారు. బ్రేకు మీద కాలు జారిపోయింది. ఆటో అతను దిగి వచ్చి, కిటికీలోంచి తల లోపలికి పెట్టి, ఆయన నోరు వాసన చూశాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి. మా అమ్మాయి వెనక సీట్లో ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. ఆటో అతనికి నేనే సర్దిచెప్పి, క్షమించమని అడిగి పంపాను.

ఆ వారమే లాక్కెళ్ళినట్టు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక రాత్రంతా ఆస్పత్రిలో పడుకోబెట్టి, తల నిండా వైర్లు అతికించి పరీక్ష చేశారు. మర్నాడు డాక్టరు గారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి మెల్లగా చెప్పారు. "ఈయన రాత్రిళ్ళు నిద్రపోవడం లేదమ్మా. పోతున్నట్టు కనిపిస్తున్నారు, అంతే." పడుకోగానే గొంతు లోపలి కండ వాలిపోయి గాలిదారి మూసుకుపోతోందని, ఊపిరాడక మెదడు ఆయన్ని మాటిమాటికీ లేపుతోందని, ఆ సంగతి ఆయనకే తెలియదని వివరించారు. పగటి నిద్ర ఆ అప్పు తీర్చుకోవడమేనట. దీనితో బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది, అశ్రద్ధ చేస్తే నిద్రలోనే ప్రాణం మీదికి రావచ్చు అన్నారు. పడుకునేటప్పుడు ముక్కుకి మాస్క్ పెట్టుకుని, గొట్టంలోంచి గాలి తోసే మిషను రాశారు. రాత్రి నిద్రకే కాదు, పగలు కునుకు తీసినా పెట్టుకోవాలన్నారు. బరువు తగ్గమన్నారు. అప్పటిదాకా కారు ముట్టుకోవద్దన్నారు.

నా గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, ఆ మిషను ఆయన ముఖానికి అలవాటు చెయ్యడానికి నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దు. పట్టీ బిగుతుగా ఉందనేవారు, ముక్కు ఎండిపోతోందనేవారు, విసిరికొట్టేవారు. మళ్ళీ పెట్టేదాన్ని. కొన్ని వారాలకి సర్దుకున్నారు. ఒక పొద్దున లేచి, మంచం అంచున కూర్చుని, కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. ఏమైందండీ అంటే నా వైపు తిరిగి అడిగారు. "ఏమే, అందరికీ పొద్దున ఇలాగే ఉంటుందా?"

ఎలా అని అడిగాను. తల తేలిగ్గా ఉందన్నారు. ఎన్నేళ్ళయిందో ఇలా లేచి అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఇరవయ్యేళ్ళు పైగా ఆ మనిషి సగం ప్రాణంతో కొట్టు నడిపాడు, పిల్లని చదివించాడు, పెళ్ళిళ్ళకీ చావులకీ చుట్టాలందర్నీ కార్లో మోశాడు. అందరూ ఆయన్ని సుఖపురుషుడు అన్నారు. ఆ తర్వాత నెలల్లో నాకు కొత్త మొగుడు దొరికాడనే చెప్పాలి. పేపరు మొత్తం చదివేవారు. సాయంత్రం కొట్టు కట్టేశాక నాతో కూర్చుని కబుర్లు చెప్పేవారు. మధ్యలో ఆగకుండా.

అత్తగారికి మాత్రం ఆ మిషను చూస్తేనే వణుకు. కరోనా రోజుల్లో మా వీధిలో ముక్కుకి గొట్టం పెట్టుకుని వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు కదా, ఆవిడకి గొట్టమంటే అదే గుర్తు. బతికున్న మనిషికి అది తగిలించడమేమిటే అని ఏడ్చేది. ఇంటికి ఎవరొచ్చినా ముందు పరుగెత్తుకెళ్ళి దాని మీద తువ్వాలు కప్పేది. ఆవిడని నేను పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన మనిషి బెజవాడ పటమటలో ఉంది.

అంటే మా వదిన, మా ఆయన అక్కగారు. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది, దానికి సంబంధం తెచ్చింది ఆవిడే. కూచిపూడి వైపు వాళ్ళు, చేపల చెరువులున్నాయి, అబ్బాయి ఉద్యోగం కూడా హైదరాబాదులోనే. పిల్లలిద్దరూ మాట్లాడుకున్నారు, నచ్చారు. ఇక పెద్దవాళ్ళు వచ్చి ఇల్లూ వాకిలీ చూసుకుని మాట ఇచ్చిపుచ్చుకోవడమే మిగిలింది. అప్పుడు మా వదిన మంచం పక్కనున్న మిషను చూసింది.

ముందు ఇది తీసేయండి అంది. పిల్ల తండ్రికి గాలి మిషను పెట్టి ఊపిరాడిస్తున్నారని తెలిస్తే ఆ సంబంధం నిలుస్తుందా అంది. వంశంలో ఉన్న జబ్బంటారు, రేపు పిల్లకీ వస్తుందంటారు, పిల్లకి పుట్టేవాళ్ళకీ వస్తుందంటారు. మా వైపు పెళ్ళి సంబంధాల్లో జబ్బులు దాచడం తప్పు కింద లెక్కలేదు, చెప్పడమే తెలివితక్కువ. షుగరు దాస్తారు, మూర్ఛ దాస్తారు, కళ్ళజోడు కూడా దాచిన ఇళ్ళు నాకు తెలుసు. నేను మాత్రం ఒప్పుకోలేదు. పగలు దాచి రాత్రిళ్ళు పెట్టుకుంటారు, మీకేం నష్టం అన్నాను. మరి ముఖం మీద గీతల సంగతో అంది మా వదిన. నిజమే, పట్టీలు బుగ్గల మీదా ముక్కు మీదా ఎర్రటి గీతలు పెట్టేవి, పదకొండింటి దాకా పోయేవి కావు. వాళ్ళు దగ్గరి ఊరివాళ్ళు, పొద్దునే కొట్టుకి వచ్చి చూడగలరు. అడిగితే ఏం చెబుతావు అంది.

ఫోన్లో మా అమ్మాయి ఒక్కతే సూటిగా మాట్లాడింది. చెప్పేద్దాం నాన్నా, ఇష్టం లేకపోతే మానుకుంటారు అంది. చిన్నదానివి నీకేం తెలుసని అందరూ కలిసి దాని నోరు నొక్కేశారు. ఇక మిగిలింది ఆయన. నేను ఆయన ముఖం వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"పెళ్ళయ్యేదాకానే కదే," అన్నారు. "ఇన్నేళ్ళు బతకలేదా అది లేకుండా?"

మాటలకి వాళ్ళొచ్చిన రోజు భోజనాలు బ్రహ్మాండంగా జరిగాయి. గోంగూర, రొయ్యల వేపుడు, గడ్డపెరుగు. తిన్నాక ఎవరింట్లో అయినా మగవాళ్ళకి చాపలూ దిండ్లూ వేస్తాం. ఆ రోజు నేను వెయ్యలేదు. వేస్తే ఈయన పడుకుంటారు, పడుకుంటే ఊపిరి ఆగడం వాళ్ళ కళ్ళెదురుగానే జరుగుతుంది. వియ్యంకుడు కాబోయే ఆయన కూడా నడుం వాలుస్తానని అనలేదు. ఎర్రబడ్డ కళ్ళతో నిటారుగా కూర్చుని కాఫీ మీద కాఫీ తాగారు, మధ్యలో లేచి వెళ్ళి వరండాలో పచార్లు చేశారు. చూశావా, ఆ మనిషి ఎంత చురుకో, కునుకనేదే లేదు అని మా వదిన నా చెవిలో మెచ్చుకుంది. మా ఆయన తొడ గిచ్చుకుంటూ కూర్చున్నారు. సంబంధం ఖాయమైంది.

మర్నాడు నేను కూరలకి బజారుకెళ్ళి వచ్చేసరికి మంచం పక్కన మిషను లేదు. మా వదిన కారు డిక్కీలో పెట్టుకుని పటమట పట్టుకుపోయింది. అత్తగారే తువ్వాల్లో చుట్టి మరీ ఇచ్చింది. ఇంట్లో ఉంటే నేను ఊరుకోనట, ఆయన ముఖానికి ఎలాగైనా తగిలిస్తానట. ఆ మాట మాత్రం నిజం. ఫోన్ చేసి అరిచాను. ఆవిడ, పెళ్ళి రోజు సాయంత్రం నేనే తెచ్చి పెడతాగా, ఈలోపు కొంప మునిగిపోదు అని పెట్టేసింది. ఆయన్ని అడిగాను, మీరెందుకు ఊరుకున్నారని. అక్కయ్య మన మంచికే కదా చేసింది అన్నారు.

ఇంకోటి కొనేద్దామన్నాను. ఆ మాటకి ఇంట్లో జరిగిన రభస చెప్పలేను. పిల్ల పెళ్ళి చెడగొట్టడానికి పుట్టావని అత్తగారు అంది. ఆయనకే గనక పట్టుదల ఉంటే నేను ఎవర్నీ లెక్కచేసేదాన్ని కాదు. ఆయనకి లేదు. ఆయనకి ఉన్నదల్లా కూతురి పెళ్ళి. నిద్ర మళ్ళీ పాత పద్ధతికి వచ్చేసింది, ఈసారి ఇంకా ఘోరంగా. తాంబూలాల్లో పీటల మీదే తూలారు. నేను వెనక కూర్చుని వీపు మీద వేలితో పొడుస్తూనే ఉన్నాను. మళ్ళీ కొట్టులో కుర్చీ, మళ్ళీ చేతులు కట్టుకున్న రైతులు. రాత్రిళ్ళు నేను కుదపడం, ఆయన ఊపిరి లాగడం. ఒక్క విషయంలో నా మాట నెగ్గింది. శుభలేఖలు పంచడానికి తనే కారు నడుపుతానన్నారు. తాళాలు నా దగ్గర పెట్టుకుని డ్రైవర్ని పెట్టాను. గండం రోడ్డు మీద ఉందనుకున్నాను. కాలవ గట్టు మీద వెళ్ళే కారు మలుపులో కాలవలోకి పోవడమే నా కళ్ళకి కనిపించేది. ఇంట్లో ఉంటే భయం లేదనుకున్నాను.

ఆ రోజు పొద్దున్నుంచీ అవనిగడ్డ దాకా తిరిగి శుభలేఖలు ఇచ్చి మధ్యాహ్నానికి వచ్చారు. చెమటలు కారుతున్నాయి. అన్నం పెట్టాను. రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు కూడా. హాల్లో దివాను మీద ఒరుగుతూ, నేను టైలరు దగ్గరికి వెళ్ళాలంటే, వెళ్ళు, అమ్మాయి జాకెట్లు అయ్యాయేమో చూడు అన్నారు. అత్తయ్యా, కాస్త కనిపెట్టుకుని ఉండండి, గురక ఆగితే లేపండి అని చెప్పాను. సరే సరే అంది. ఈ మాట నేను చెప్పానని ఎంతమందికి చెప్పుకున్నా ఏం లాభం.

నేను తిరిగి వచ్చేసరికి ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉంది. టీవీ కట్టేసి ఉంది. కిటికీ తలుపులు మూసి, వెలుగు పడకుండా చీర అడ్డం కట్టి ఉంది. అత్తగారు దివాను పక్కన కుర్చీలో కూర్చుని, కరెంటు పోయినట్టుంది, విసనకర్రతో కొడుక్కి విసురుతోంది. నేను చెప్పులు విప్పే చప్పుడుకి నోటి మీద వేలు పెట్టుకుంది.

"లేపకు," అంది గుసగుసగా. "చాలాసేపట్నుంచి గురక కూడా లేదు. హాయిగా పడుకున్నాడు."

నేను ఆవిణ్ణి తోసుకుని వెళ్ళాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. భుజం పట్టి కుదిపాను, ఎప్పటిలాగే. ఎంత కుదిపినా ఊపిరి లాగలేదు. అత్తగారు ఇంకా విసురుతూనే ఉంది, ఎందుకే లేపుతావు అంటూనే ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి, కడుపుకోత అనుభవిస్తోంది, ఆవిడ మీద కోపం పెట్టుకోకూడదని అందరూ నాకు చెబుతారు. నాకూ తెలుసు. అయినా ఆ కోపం పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు.

ఆ తర్వాత పరామర్శలు. నిద్రలోనే వెళ్ళిపోయారటగా అనేవాళ్ళు ముందు. నొప్పి లేదు, మంచాన పడింది లేదు, ఒకరి చేత చేయించుకుంది లేదు, ఎంత పుణ్యం చేసుకుంటే అలాంటి చావు అనేవాళ్ళు. కొందరైతే మనకీ అలాగే రావాలని దణ్ణం పెట్టుకున్నారు, నా ఎదురుగానే. మొదట్లో ఊరుకున్నాను. ఒకావిడ అదే పాట మూడోసారి ఎత్తుకుంటే, పుణ్యం కాదండీ, ఊపిరాడక చచ్చిపోయారు అని చెప్పేశాను. అందరూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. పాపం దుఃఖంలో ఏదో అంటోంది అని నా వీపు నిమిరారు. మా వదిన గుమ్మంలో నిలబడి ఉంది. విన్నది. ఆ మిషను ఇప్పటికీ పటమటలోనే ఉంది. ఆవిడ తేలేదు, నేను అడగలేదు.

పెదకర్మకి పెళ్ళివారు వచ్చారు. మాటంటే మాటే, ఏడాదిలోపే పెళ్ళి చేసుకుందాం, కన్యాదానానికి కర్మ చేసిన మీ మరిదిగారే కూర్చుంటారు, మీరు దిగులు పడకండి అని అబ్బాయి తండ్రి, ఆ పెద్దాయన, చెప్పారు. మంచి మనుషులే. భోజనాలయ్యాక పెరటి గదిలో నేను ఒక్కదాన్నీ కూర్చుంటే అబ్బాయి తల్లి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. నా పక్కన నేల మీదే కూర్చుని, చెయ్యి పట్టుకుంది.

"మీ అమ్మాయి అంతా చెప్పిందటండీ మావాడికి," అంది. "ఆ మిషను సంగతి, మీరు దాచిన సంగతి."

ఇప్పుడు సంబంధం వద్దంటుంది కాబోలు అనుకున్నాను. అననీ అనుకున్నాను. ఆవిడ తల వంచుకుంది.

"వదినగారూ, మావారికీ ఉందండీ అదే జబ్బు. అదే మిషను. మీవాళ్ళు ఏమనుకుంటారోనని, పెళ్ళయ్యేదాకా పెట్టుకోవద్దని మేమే తీసి బీరువాలో దాచాం."

ఆవిడ ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. హాల్లోంచి పెద్దాయన ఎవరితోనో పెళ్ళి ముహూర్తాల గురించి మాట్లాడుతున్న గొంతు వినపడుతోంది, గట్టిగా, ఆరోగ్యంగా.

"ఇప్పుడు పెట్టుకుంటున్నారా అన్నయ్యగారు?" అని అడిగాను.

"పెట్టుకుంటున్నారండీ," అంది, పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "మీ ఇంట్లో ఇలా జరిగిన రోజు నుంచీ, ఒక్క రాత్రి కూడా మానలేదు."